చలి రాత్రికి తేలిక టెంటు: పైసలు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ ఆపాలి

టెంటు వెచ్చదనం ఇవ్వదు. ఈ ఒక్క ముక్క ముందే మనసుకు ఎక్కితే కొనేటప్పుడు సగం పైసలు మిగులుతాయి. టెంటు గాలిని ఆపుతుంది, మంచు మీద పడకుండా చూస్తుంది, పురుగూ పుట్రా లోపలికి రానివ్వదు. అంతవరకే దాని పని. బయటికీ లోపలికీ రెండు మూడు డిగ్రీల తేడా ఉంటే గొప్ప. వెచ్చదనం పుట్టేది మన ఒంట్లో. దాన్ని పట్టి ఉంచేది కింద పరిచిన మ్యాటు, పైన కప్పుకున్న స్లీపింగ్ బ్యాగు. డబ్బంతా టెంటుకే పోసి, నేల మీద పల్చటి చాప పరుచుకుని, కృష్ణ మీది సోమశిల ఒడ్డున తెల్లవార్లూ మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేవాళ్ళు ప్రతి డిసెంబర్‌లో కనిపిస్తారు. వాళ్ళ టెంటులో లోపం ఉండదు. లోపం లెక్కలో ఉంటుంది.

మన భాషలో మంచు అన్నది ఒకటే మాట. పొద్దున పల్లి చేను మీద మెరిసేదీ మంచే, ఉత్తరాఖండ్ కొండల మీద మోకాలి లోతు పడేదీ మంచే. టెంటుకు మాత్రం ఈ రెండూ వేర్వేరు కష్టాలు. మొదటిది నీళ్ళు. బయటినుంచే కాదు, లోపలినుంచి కూడా తడుపుతుంది. రెండోది బరువు. పైన కూర్చుని రాడ్లను వంచుతుంది. మనకు ఏ మంచుతో పని ఉందో తేల్చుకోకుండా టెంటు కొనొద్దు. దక్షిణ తెలంగాణలో ఉండేవాళ్ళకు నూటికి తొంభై రాత్రులు మొదటి మంచుతోనే పని.

చలికి తేలిక టెంటు ఏదని నెట్‌లో వెతికితే ఎక్కువగా తగిలేవి అమెరికా వేటగాళ్ళ రాతలు. రాకీ పర్వతాల్లో ఎల్క్ అనే పెద్ద దుప్పి వేటకు పోయేవాళ్ళు అడుగు లేని గోపురం టెంటు వాడతారు. నడుమ ఒకే కర్ర, సిలికాన్ పూసిన నైలాన్ గుడ్డ, లోపల మడతపెట్టే టైటానియం పొయ్యి, దాని గొట్టం బయటికి పోవడానికి మంట అంటని గుడ్డతో కుట్టిన రంధ్రం. వాళ్ళకు అది సరైనదే. రోజంతా మంచులో తడిసిన బట్టలు, బూట్లు రాత్రి ఆరాలి. దొరికిన మాంసం వీపు మీద కిందికి మోసుకురావాలి కాబట్టి టెంటు బరువు ప్రతి వంద గ్రాములూ లెక్కే. మనకు ఆ అవసరమే లేదు. ఇక్కడ వేట నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కుందేలునూ నెమలినీ కూడా కాపాడుతుంది, కాపాడాలి కూడా. వాళ్ళ టెంట్లలోంచి మనం తీసుకోవలసినవి మూడే: నిటారు గోడలు, తక్కువ బరువు, కంటికి గుచ్చుకోని ఆకుపచ్చ లేదా మట్టి రంగు. పొయ్యిని వాళ్ళకే వదిలేద్దాం. పక్షుల ఫొటోలు తీసేవాళ్ళకు ఆ మట్టి రంగు బాగా పనికొస్తుంది.

మరి మా దిక్కు చలిలో బయట పడుకునేదెవరు? గుట్టలెక్కే కుర్రవాళ్ళు, కృష్ణ ఒడ్డుకు పోయే పక్షి ప్రేమికులు, ఇక్కడ అలవాటు చేసుకుని హిమాలయాలకు పోదామనుకునేవాళ్ళు. అందరికంటే ముందు, పల్లి చేనుకు అడవిపందుల కాపలా పోయే రైతు, మందతో ఊళ్ళు దాటి తిరిగే గొల్లకురుమలు. గొల్లకురుమల దగ్గర గొంగడి ఉంది. నల్ల దక్కనీ గొర్రె ఉన్నితో నేసిన ఆ గొంగడిని కొప్పెరగా, తల మీదనుంచి కప్పుకుంటే అదే టెంటు, అదే దుప్పటి. తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుంది, నిప్పురవ్వ పడితే నైలాన్‌లా కరిగి ఒంటికి అంటుకోదు. బరువొక్కటే దాని కష్టం. బండి మీద పోయేవాళ్ళు దాన్ని ఇంట్లో వదిలి వెళ్ళొద్దు. మ్యాటు కింద పరిస్తే ఏ షాపులోనూ దొరకని సుఖం. వీపు మీద మోసేవాళ్ళకే ఈ టెంటు లెక్కలన్నీ.

ఇంకో మాట ముందే చెప్పాలి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో కలిపి 2,611 చదరపు కిలోమీటర్లు ఉంది. అందులో అటవీ శాఖ అనుమతి లేకుండా టెంటు వేయడం చట్టానికి విరుద్ధం, ప్రాణానికీ మంచిది కాదు. అక్కడ ఎలుగుబంట్లు, చిరుతలు, పులులు ఉన్నాయి. బయటైనా సరే, చెలక ఎవరిదో కనుక్కుని అడిగి వేయండి. అడగడం మర్యాద కోసమే కాదు. పందుల కోసం చేను చుట్టూ దొంగచాటుగా కరెంటు తీగ పెట్టే చోట్లు ఇంకా ఉన్నాయి. చీకట్లో కాలికి తగిలితే మనిషి మిగలడు. ఎటు నడవొచ్చో, ఎటు నడవకూడదో ఆ రైతే చెప్పాలి.

ముందు నేల, తర్వాత టెంటు

కొనేముందు చూడవలసింది మోడల్ పేరు కాదు, మీరు ఎక్కువగా పడుకునే నేల. మా జిల్లాల్లో నేల నాలుగు రకాలుగా ఏడిపిస్తుంది. గుట్టల మీద గ్రానైట్ పలక బండ, అందులో గూటం దిగదు. ఎర్ర చెలకలో మీద బెత్తెడు మన్ను, కింద మొరం. డిసెంబర్‌కి ఎండి గట్టిపడి సన్నటి తీగ గూటాలను వంచేస్తుంది. నల్లరేగడి ఎండితే నెర్రెలు విచ్చి గూటం వదులైపోతుంది, తడిస్తే టెంటు అడుగుకు కిలో బురద అంటుతుంది. ఏటి ఇసుకలో గూటం నిలవనే నిలవదు.

ఇప్పుడు టెంట్ల వైపు చూడండి. తేలికవాటిలో మన డబ్బుకు అందేవి రెండు రకాలు. మొదటిది ట్రెక్కింగ్ కర్రల మీద నిలిచేది. దానికి సొంత రాడ్లు ఉండవు కాబట్టి తేలిక. ఇద్దరి టెంటు కిలోన్నర లోపే వస్తుంది. లాన్షాన్ 2 ఈ రకంలో చాలామందికి తెలిసినది. రెండోది, రెండు రాడ్లు అడ్డంగా దాటి గుడిసె ఆకారంలో తనంతట తాను నిలబడే డోమ్. ఇద్దరిది చవకలో రెండు నుంచి రెండున్నర కిలోలు తూగుతుంది. నేచర్‌హైక్ క్లౌడప్ 2 లాంటివి ఈ రెండింటికీ మధ్య బరువు.

కర్రల టెంటు బలమంతా గూటాల్లోనే ఉంది. ఒక మూల గూటం ఊడితే సగం టెంటు మొహం మీద పడుతుంది. మెత్తటి నేల, గడ్డి మైదానం ఉన్న దేశాల్లో అది రాజు. దేవరకొండ, రాచకొండ వైపు బండల మీద వేయాలంటే ప్రతి తాడుకూ రాయి వెతకాలి, చీకట్లో అది అరగంట పని. అందుకే మా సలహా సూటిగానే ఉంటుంది: ఎక్కువగా గుట్టల మీద పడుకునేవాళ్ళు అర కిలో నుంచి కిలో ఎక్కువైనా డోమే కొనండి. చేలల్లో, ఒడ్డున పడుకునేవాళ్ళు, ముందునుంచే ట్రెక్కింగ్ కర్రలు వాడేవాళ్ళు కర్రల టెంటు తీసుకోండి. సొరంగం ఆకారంలో పొడుగ్గా ఉండే టెంట్లు గాలికి బాగా నిలుస్తాయి, కానీ అవి కూడా గూటాలు లేకుండా నిలవవు, మా నేలకు వాటిని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

బండ మీద డోమ్ వేసినా తాళ్ళు కట్టకుండా వదిలేయకండి, ఖాళీ టెంటు గాలికి ఎగిరిపోతుంది. తాడును రాయికి చుట్టి ముడి వేస్తే రాయి అంచుకు తాడు ఒరుసుకుని తెల్లారేసరికి తెగుతుంది. తాడు కొసన ఉచ్చులో పిడికెడంత రాయి పెట్టండి, దాని ముందు, టెంటు వైపున, తలకాయంత బండరాయి ఆనించండి. తాడు లాగినప్పుడు చిన్నరాయి వచ్చి పెద్దరాయికి ఆగుతుంది. ముడి మీద బరువు పడదు, తాడు అరగదు.

ఎర్ర చెలకకు టెంటుతోపాటు వచ్చే తీగ గూటాలు అక్కరకు రావు, వాటిని ఇంట్లో వదిలేయండి. మూడు రెక్కల అల్యూమినియం గూటాలు, 18 సెంటీమీటర్లవి, ఆరు కొనండి. ఒక్కోటి పదిహేను గ్రాములకు అటూ ఇటూ. మొరం మరీ గట్టిగా ఉన్నచోట అవి కూడా తల వంచుతాయి. అలాంటి చోటికి హార్డ్‌వేర్ షాపులో దొరికే ఆరు అంగుళాల ఇనప మేకులు నాలుగు చాలు. ఒక్కోటి ముప్పై గ్రాములు దాటుతుంది కాబట్టి నాలుగు మూలలకే. గూటం తల టెంటుకు దూరంగా పోయేలా కొంచెం వాల్చి కొట్టాలి, తాడు గూటానికి అడ్డంగా లాగాలి. రాయితో కొట్టేటప్పుడు అల్యూమినియం గూటం తల మీద చెక్క ముక్క పెడితే తల పగలదు.

ఇసుకలో గూటాన్ని నిలబెట్టకూడదు, పడుకోబెట్టి పాతాలి. మూరెడు పొడుగు కంది కట్టెలు నాలుగైదు కలిపి కట్టి, నడుమ తాడు చుట్టి, అడుగు లోతు గుంటలో తాడుకు అడ్డంగా పడుకోబెట్టి, పైన ఇసుక పోసి కాలితో తొక్కండి. కంది కట్టె మా దిక్కు ఏ చేను గట్టు మీదైనా ఉంటుంది, రైతును ఒక మాట అడిగితే చాలు. కట్టె లేకపోతే ప్లాస్టిక్ సంచిలో ఇసుక నింపి, మూతి కట్టి, అదే పద్ధతిలో పాతండి. హిమాలయాల్లో మంచు మీద కూడా ఇదే ఉపాయం. అక్కడ సంచిలో మంచు నింపి పాతి, తొక్కి, అరగంట వదిలేస్తే రాయిలా గట్టిపడుతుంది.

రాడ్లు, గుడ్డ

చవక టెంటు చలిలో ముందు మోసం చేసేది రాడ్ల దగ్గర. నాలుగు వేల లోపు టెంట్లలో సాధారణంగా ఫైబర్‌గ్లాస్ రాడ్లు ఉంటాయి. మా దిక్కు చలికి అవి విరగవు, బరువే ఎక్కువ. అసలైన చలికి తీసుకుపోతే పెళుసుబారి, వంపు ఎక్కువున్న చోట పగులుతాయి. పగులు ఎక్కడ మొదలవుతుందో తెలుసుకోవాలంటే రాడ్డు తుంటల కొసలు చూడండి. ఇనప గొట్టంలోకి దూరే చోట, ఆ చివరి బెత్తెడులో, నిలువుగా వెంట్రుక లాంటి తెల్లటి గీత కనిపిస్తుంది. వేలితో రాస్తే గరుగ్గా తగులుతుంది, గాజు పోగులు చర్మంలో దిగి రోజంతా మంట పెడతాయి కాబట్టి గోరుతోనే చూడండి. ఆ గీత వచ్చిందంటే తర్వాతి గాలికి అది చీలుతుంది. అల్యూమినియం రాడ్లలో 7001 రకం, 8.5 మిల్లీమీటర్ల మందం ఉంటే చాలు. డబ్బు ఎక్కువ పెట్టవలసిన చోటు ఏదైనా ఉంటే అది ఇదే.

రాడ్లు విరగడానికి కారణం ఎక్కువసార్లు గాలి కాదు, తొందర. లోపలి ఎలాస్టిక్ తాడు చలికి సాగడం తగ్గిపోతుంది, తుంటలు తమంతట తాము కలవవు. ఒక తుంట గొట్టంలోకి అర అంగుళమే దిగి ఆగుతుంది, పైకి అతుక్కున్నట్టే కనిపిస్తుంది. వంచగానే బరువంతా ఆ పల్చటి అంచు మీద పడి గొట్టం నోరు చీలుతుంది. అందుకే ప్రతి అతుకునూ చేత్తో నొక్కి, టక్కుమని ఆగిందో లేదో చూసుకుని తర్వాత వంచాలి. మడిచేటప్పుడు నడిమి అతుకు దగ్గర మొదలుపెట్టి రెండు కొసల వైపు పోవాలి. కొసనుంచి మొదలుపెడితే ఎలాస్టిక్ అంతా ఒక వైపే సాగి త్వరగా చస్తుంది. రాడ్డు మీదికి దూరేంత బోలు అల్యూమినియం గొట్టం, జానెడు తుంట, కాస్త గట్టి టేపు సంచిలో ఉంచుకోండి. విరిగిన చోట గొట్టం ఎక్కించి రెండు వైపులా టేపు చుడితే ఆ ప్రయాణం గట్టెక్కుతుంది.

గుడ్డ దగ్గర రెండు అంకెలు కనిపిస్తాయి. 20డి అంటే దారం సన్నదనం. 9,000 మీటర్ల దారం 20 గ్రాములు తూగుతుందని అర్థం. 210టి అంటే నేత ఎంత చిక్కగా ఉందన్నది. చవక టెంట్లలో ఎక్కువ 210టి పాలిస్టర్, కొంచెం ఖరీదైనవాటిలో 20డి నైలాన్. నైలాన్ తేలిక, చిరుగుకు గట్టి. కానీ తేమ పీల్చుకుని సాగుతుంది. సాయంత్రం తబలాలా బిగించిన టెంటు రాత్రి పదింటికి వదులై, తడి గుడ్డ లోపలి జాలికి అంటుకుని, నీళ్ళు స్లీపింగ్ బ్యాగు మీదికి దిగుతాయి. అందుకని పడుకునేముందు ఒకసారి బయటికి వచ్చి తాళ్ళన్నీ మళ్ళీ బిగించాలి. పాలిస్టర్ అంతగా సాగదు, ఎండకూ కాస్త ఎక్కువ ఓరుస్తుంది. మా ఎండలూ మా మంచూ చూస్తే పాలిస్టర్ తక్కువరకం అనుకోనక్కర్లేదు, రెండు మూడు వందల గ్రాముల బరువు ఎక్కువ అంతే.

నీటి ఓర్పు అంటే గుడ్డ ఎంత ఎత్తు నీళ్ళ ఒత్తిడికి కారకుండా ఆగుతుందన్నది. అది పై కవరుకు 1,500 నుంచి 2,000 మిల్లీమీటర్లు, అడుగుకు 3,000 ఉంటే సరిపోతుంది. మోకాలు ఆనించినప్పుడు అడుగు మీద పడే ఒత్తిడి వాన చినుకు కంటే చాలా ఎక్కువ, అందుకే అడుగుకు ఎక్కువ కావాలి. చలికాలంలో మా దిక్కు వాన అరుదే అయినా బంగాళాఖాతంలో తుఫాను లేస్తే నవంబర్, డిసెంబర్‌లో రెండ్రోజులు ముసురు పడుతుంది. అలాంటప్పుడు గుడ్డలోంచి నీళ్ళు రావు, కుట్టులోంచి వస్తాయి. రెండు వైపులా సిలికాన్ పూసిన గుడ్డకు కంపెనీలో టేపు అంటించడం కుదరదు, కుట్లు మనమే పూసుకోవాలి. పారదర్శక సిలికాన్ ట్యూబు ఒక వంతు, మినరల్ టర్పెంటైన్ రెండు వంతులు గాజు సీసాలో కలిపి, టెంటు బిగించి వేసి, పాత బ్రష్‌తో బయటివైపు కుట్టు మీద వేలెడు వెడల్పున పూయండి. 24 గంటలు ఆరనివ్వండి, తర్వాత కొంచెం పౌడరు చల్లితే మడతలు అంటుకోవు. లోపల పియు (పాలీయురేథేన్) పూత ఉన్న గుడ్డకు ఇది పనికిరాదు, సిలికాన్ దాని మీద నిలవదు. దానికి పియు జిగురే వాడాలి. మీ గుడ్డ ఏదో తెలియకపోతే ఓ మూల చుక్క పెట్టి, ఆరాక గోరుతో గీకి చూడండి.

లోపలి తడి

పొద్దున్నే ఫోన్ చేసి టెంటు కారిందని చెప్పేవాళ్ళలో చాలామంది టెంటు కారి ఉండదు. లేవగానే టెంటును కదపకుండా పై కవరు లోపలివైపు వేలితో గీయండి. వేలి దారి వెంట నీటి గీత పడి, చుట్టూ అంతా సన్నటి ఆవగింజలంత చుక్కలు సమానంగా పరుచుకుని ఉంటే అది మీ ఊపిరి. కారితే అలా ఉండదు. కుట్టు వెంట వరసగా, లేదా ఒక్క చోటినుంచి ధారగా ఉంటుంది. మనిషి రాత్రంతా వదిలే ఊపిరిలో, చెమటలో గ్లాసుల కొద్దీ నీళ్ళు ఉంటాయి. మబ్బు లేని రాత్రి టెంటు గుడ్డ తన వేడిని ఆకాశానికి వదిలేసి చుట్టూ ఉన్న గాలి కంటే కూడా చల్లబడుతుంది. ఊపిరి దానికి తగిలి నీళ్ళవుతుంది. ఆకాశం ఎంత నిర్మలంగా ఉంటే టెంటు అంత తడుస్తుంది.

దీనికి మందు గుడ్డలో లేదు, వేసే చోటులో ఉంది. నీటి ఒడ్డున, పల్లంలో వేయొద్దు. చల్లగాలి నీళ్ళలాగే కిందికి జారి అక్కడే నిలుస్తుంది, తేమ కూడా అక్కడే. ఒడ్డుకు యాభై అరవై మీటర్ల దూరం, మనిషెత్తు మెరక చాలు, తేడా చేతికి తెలుస్తుంది. జలాశయం ఒడ్డైతే నీటిమట్టం పెరిగే ప్రమాదం కూడా తప్పుతుంది. వేప, చింత లాంటి గుబురు చెట్టు పంచన వేస్తే మంచు బాగా తగ్గుతుంది, ఆకులు ఆకాశానికీ టెంటుకూ నడుమ దుప్పటిలా ఉంటాయి. పైన ఎండిన కొమ్మ లేదని టార్చి కొట్టి చూసుకోండి.

రెండోది, గాలి దారి. చలి అని అన్ని జిప్పులూ మూసేయడమే అందరూ చేసే తప్పు. తలుపు జిప్పు పైన నాలుగు వేళ్ళు, ఎదురువైపు పై కిటికీ పూర్తిగా తెరిచి ఉంచండి. తల స్లీపింగ్ బ్యాగులోకి దూర్చి ఊపిరి వదలొద్దు, తెల్లారేసరికి బ్యాగు తడిసి చల్లబడుతుంది, టోపీ పెట్టుకోండి. చలికాలం మా దిక్కు గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్యం నుంచి వీస్తుంది. టెంటు సన్నటి కొస అటు పెట్టి, తలుపు పడమటికి పెడితే గాలి నేరుగా మొహాన కొట్టదు.

అందుకే చలికి రెండు పొరల టెంటే కొనాలి. పై కవరు ఒకటి, లోపలి టెంటు ఒకటి. ఒక్క పొర టెంటు తేలికే, కానీ తడి గోడకు భుజం తగలకుండా పడుకోవడం ఎవరివల్లా కాదు. లోపలి టెంటు మొత్తం జాలి అయితే ఎండాకాలానికి బాగుంటుంది. చలికి కింది సగం గుడ్డ, పై సగం జాలి ఉన్నది చూడండి. కొన్ని మోడళ్ళలో జాలిది, గుడ్డది రెండూ అమ్ముతారు, లాన్షాన్ అందులో ఒకటి. ఇప్పటికే జాలిది కొనేసి ఉంటే, గాలి వచ్చే వైపు లోపల మూరెడు ఎత్తున పాత నైలాన్ చున్నీని బట్టల క్లిప్పులతో తగిలించండి. ఖర్చు లేదు, పనిచేస్తుంది. పై కవరు నేలకు ఎంత దగ్గరగా వస్తుందో కూడా చూడండి. జానెడు ఎత్తులో ఆగితే గాలి కిందనుంచి దూరి నడుం కోస్తుంది, నాలుగు వేళ్ళ ఎత్తులో ఆగితే సరిపోతుంది.

పడక కింద

పది డిగ్రీల రాత్రి నేల పీల్చే వేడి, గాలి పీల్చే వేడి కంటే ఎక్కువ. మ్యాటు మీద ఆర్ విలువ అని ఉంటుంది, చలిని అడ్డుకునే శక్తి అది. పది మిల్లీమీటర్ల మామూలు ఫోమ్ మ్యాటుకు సుమారు 1, గుడ్ల ట్రే ఆకారంలో మడిచే ఫోమ్‌కు సుమారు 2. ఒకదాని మీద ఒకటి వేస్తే విలువలు కలుస్తాయి. మా దిక్కు డిసెంబర్, జనవరి రాత్రులకు 2 నుంచి 3 చాలు. మంచు మీద పడుకోవాలంటే 4.5కు తగ్గొద్దు. గాలి నింపే మ్యాట్లు మెత్తగా ఉంటాయి, కానీ మన చెలకల్లో పల్లేరు ముళ్ళు, పత్తి కట్టె మోళ్ళు, సర్కారు తుమ్మ కంప చూశాక వాటిని నమ్మడం కష్టం. ఫోమ్‌కు ముల్లు దిగినా ఏమీ కాదు. టెంటు వేసేముందు ఆ జాగాలో చెప్పులు విప్పి అరికాళ్ళతో నడిచి చూడండి, కంటికి ఆనని పల్లేరు కాలికి తెలుస్తుంది. కింద పరిచే పట్టా టెంటు అడుగు కంటే వేలెడు చిన్నదిగా కత్తిరించుకోవాలి. బయటికి పొడుచుకొస్తే కవరు మీదనుంచి కారిన నీళ్ళు దాని మీద పడి మన కిందికే వస్తాయి.

స్లీపింగ్ బ్యాగు మీద రెండు మూడు ఉష్ణోగ్రతలు రాసి ఉంటాయి. కంఫర్ట్ అన్నదే మనది. ఎక్స్‌ట్రీమ్ అన్న అంకె ప్రాణం నిలబడే హద్దు మాత్రమే, నిద్ర పట్టే హద్దు కాదు. ఇక్కడికి కంఫర్ట్ 5 డిగ్రీలది చాలు. ఒంటరిగా పోయేవాళ్ళకు టెంటు 1,600 గ్రాములు, మ్యాట్లు 800, బ్యాగు 1,200. మొత్తం 3,600 గ్రాముల్లో చలి రాత్రి గడుస్తుంది. పదిహేను వేలు చేతిలో ఉంటే టెంటుకు ఏడెనిమిది వేలు, మిగిలింది పడకకు. ఎనిమిది వేలే ఉంటే ఫైబర్‌గ్లాస్ రాడ్ల చవక డోమ్ కొని, పడకలో మాత్రం తగ్గకండి. ఏడాదికోసారి హిమాలయాలకు పోయేవాళ్ళు అక్కడి టెంటు కోసం ఇక్కడ కొనొద్దు, ట్రెక్ నడిపేవాళ్ళు ఇస్తారు, లేదా అద్దెకు దొరుకుతుంది.

షాపులో టెంటు విప్పించి లోపల పడుకుని చూడండి. ఇద్దరి టెంటు అంటే సుమారు 130 సెంటీమీటర్ల వెడల్పు, ఇద్దరు భుజం భుజం ఆనించుకుని పడుకునేంతే. చలి సామానుతో అది ఒక మనిషికి సుఖం, ఇద్దరికి ఇరుకు. పాదాలు, తల రెండు కొసలకూ తగలకూడదు, తగిలితే అక్కడే బ్యాగు తడుస్తుంది. మీ ఎత్తుకు నలభై సెంటీమీటర్లు కలిపి పొడవు చూసుకోండి. డబ్బా మీద బరువును నమ్మకండి, కొందరు గూటాలూ సంచీ లేకుండా రాస్తారు. ఇంటికి తెచ్చాక కిరాణా కొట్టు కాంటా మీద మొత్తం తూచండి. ఇద్దరు పోతుంటే ఒకరు గుడ్డలు, ఇంకొకరు రాడ్లు, గూటాలు మోయండి.

ఎంత చలేసినా టెంటులో కుంపటి, బొగ్గులు, గ్యాసు పొయ్యి పెట్టొద్దు. బొగ్గు వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. గుడ్డ అంటుకుంటే బయటికి రావడానికి జిప్పు వెతికే టైం కూడా ఉండదు. వేడి నీళ్ళు స్టీలు సీసాలో పోసి, మూత బిగించి, మేజోడులో దూర్చి కాళ్ళ దగ్గర పెట్టుకోండి, తెల్లవారుజాము దాకా వెచ్చగా ఉంటుంది. పల్లీలు, బెల్లం, రొట్టెలు టెంటులో పెట్టుకోవద్దు. ఎలుక వాటి కోసం అడుగును కొరుకుతుంది, పంది టెంటునే తిరగేస్తుంది.

పొద్దున పాత తువ్వాలతో పై కవరు లోపలివైపు తుడిచి, పిండి, దాన్ని వేరే సంచిలో పెట్టండి. లోపలి టెంటుతో కలిపి చుట్టొద్దు, రెండూ తడుస్తాయి. మధ్యాహ్నం ఆగిన చోట పావుగంట ఎండలో ఆరేయండి, అంతకు మించి వద్దు. ఏప్రిల్, మే ఎండలో నీడ కోసం టెంటు వేస్తే గుడ్డ పోగులు పెళుసుబారి ఒక్క వేసవిలోనే చిరగడం మొదలవుతుంది. ఇంటికొచ్చాక పూర్తిగా ఆరబెట్టి, దాని ఇరుకు సంచిలో కాకుండా దిండు గలీబులో వదులుగా పెట్టి, ఇంట్లో చల్లటి గదిలో ఉంచండి. రేకుల కప్పు కింద అటక మీద వద్దు. తడీ వేడీ కలిస్తే పియు పూత కుళ్ళి, గుడ్డ చేతికి జిగటగా తగులుతుంది, పుల్లటి వాసన వేస్తుంది, గోరు తగిలితే తెల్లటి పొట్టులా ఊడుతుంది. ఆ వాసన మొదలైన కవరును ఇక వానకు నమ్మొద్దు. రాడ్లు, గూటాలు, తాళ్ళు విప్పి దాచుకోండి, తర్వాతి టెంటుకు పనికొస్తాయి.